దొరగారి తోటలో మన ఊళ్ల కవిలెలు

(పెన్న ఒడ్డు చరిత్ర - 9వ భాగం)

పోయిన వారం 1650లో గండికోట మీర్ జుమ్లా చేతికి చిక్కిన దగ్గర ఆపాను. అది చదివి జమ్మలమడుగు పాఠకులొకరు సూటిగా అడిగారు: “కాకరాజు మట్టికోట కట్టిన కాడి నుంచి ఇన్ని కబుర్లు చెప్తాండారే, ఇవన్నీ యాడ దొరికినాయి సామీ మీకు?” న్యాయమైన ప్రశ్న. చరిత్ర చెప్పేవాళ్లు రాజుల పేర్లు చెబుతారు గానీ కాగితాల సంగతి ఎత్తరు. ఈ వారం కాగితాల కథే చెప్పుకుందాం. దీనికోసం కోట ఎక్కనక్కర్లేదు. ప్రొద్దుటూరులో బస్సెక్కి ఎర్రగుంట్ల మీదుగా కడపకు పోయి, ఎర్రముక్కపల్లె ఎక్కడని అడిగితే చాలు. పులివెందుల వాళ్లయితే వేంపల్లె మీదుగా అదే ఊరికి చేరుకుంటారు. అన్నట్టు ఎర్రగుంట్ల మండలంలోనే కలమళ్ల ఉంది. రేనాటి చోళుడు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగులో శాసనం వేయించిన ఊరు అది. కాగితాల కథకు పోతూ ఆ రాతికి ఒక దండం పెట్టుకుని పోవడం మర్యాద.

ఎర్రముక్కపల్లెలో ఉన్నది సి.పి. బ్రౌన్ గ్రంథాలయం. ఇప్పుడు దాని పూర్తి పేరు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. చుట్టూ ఇళ్లు, దుకాణాలు, ఆటోల రొద. గేటు దాటితే ఆ రొద కొంచెం తగ్గుతుంది, అంతే. పెద్ద ఉద్యానవనాన్ని ఊహించుకుని పోయినవాళ్లకు ఆశాభంగం తప్పదు. కానీ రెండు వందల ఏళ్ల కిందట ఇక్కడున్నది తోటే. తోట నడుమ ఒక బంగళా. పదిహేను ఎకరాల తోట అని కడప వాళ్లు చెబుతారు. ఆ తోట పళ్లకు పేరు మోసింది కాదు. చెట్ల కింద, వసారాల్లో పండితులు కూర్చుని తాటాకుల్లోని అక్షరాలను కాగితం మీదికి దించిన చోటు అది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు ఓనమాలు దిద్దుకున్నాడు. 1820లో గవర్నరుగా వచ్చిన థామస్ మన్రోకు మన జిల్లా కొత్త కాదు. అంతకు ముందు ఏడేళ్లు దత్త మండలాలకు కలెక్టరుగా చేసి, పాళెగాళ్ల కోటలూ రైతుల కల్లాలూ చూసినవాడు. దేశభాష రాని దొర ఎందుకూ కొరగాడని ఆయన అభిప్రాయం. ఆ ఏడే ఆగస్టులో బ్రౌన్ కడప కలెక్టరు హాన్‌బరీ కింద పనికి కుదిరాడు. వయసు ఇరవై ఒకటి.

ఆ వయసు కుర్రవాడికి కడప కచేరీ ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. జమ్మలమడుగు రైతు ఒక తీరున మాట్లాడతాడు, పులివెందుల రైతు మరో తీరున. కరణం లెక్కల భాష వేరు, మున్షీ పార్శీ కలిపిన భాష వేరు. పుస్తకంలో నేర్చిన తెలుగు ఒక్కపూటకు కూడా అక్కరకు రాదు. బ్రౌన్‌కు మాట్లాడే తెలుగు మీద కలిగిన గౌరవానికి మూలం ఈ కచేరీయేనని నా అనుమానం. తర్వాత 1852లో అచ్చయిన ఆయన నిఘంటువులో సంతల మాటలూ, పొలాల మాటలూ అన్నన్ని చోటు చేసుకున్నాయంటే అది మద్రాసు పండితుల చలవ కాదు.

రెండేళ్లకే మచిలీపట్నం బదిలీ. 1824 ప్రాంతంలో అబే డుబాయ్ అనే ఫ్రెంచి పాదిరీ రాసిన పుస్తకం తిరగేస్తూ వేమన పేరు చూశాడు. ఆ పేరు వెంట పడ్డాడు. పండితుల్ని అడిగితే మొహం చిట్లించారు. వేమన పద్యం అలగాజనం నోట నలిగేది, దొరలు చదవదగ్గది కాదని వాళ్ల భావం. ఆ చిట్లింపే బ్రౌన్‌కు పట్టుదల పెంచినట్టుంది. 1826లో మళ్లీ కడపకే వచ్చాడు. తోట, బంగళా సమకూర్చుకున్నది ఈ మలివిడతలోనే. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చయ్యాయి. పదేళ్ల తర్వాత ఆ సంఖ్య 1164కు పెరిగింది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె తర్వాత అనంతపురం వైపు పోయింది గానీ, కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోదే. పులివెందులకు పొరుగే. బ్రౌన్ ఎక్కడెక్కడి నుంచో తాళపత్రాలు తెప్పించుకున్నాడు. ఆ పద్యాలు పుట్టిన మట్టి మాత్రం తన జిల్లా సరిహద్దుల్లోనే ఉంది.

ఇక తోటలో జరిగిన పని. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే బ్రౌన్ గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు “తెలుగును ఉద్ధరించాడు” అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఉద్ధరణ అంటే చేతిపని. ముందు ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించాలి. తాటాకు మూరెడు పొడుగు, రెండు మూడు వేళ్ల వెడల్పు. రెండు కన్నాలు పొడిచి తాడు దూర్చి, పైనా కిందా కొయ్య పలకలు పెట్టి కట్ట కడతారు. గంటంతో గీసిన అక్షరం ఉత్త కంటికి ఆనదు. దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం లేస్తుంది. మసి పోయిన కట్టకు మళ్లీ పూయాలి. పెళుసెక్కిన ఆకుకు నూనె పట్టించాలి, లేకపోతే విప్పగానే పుటుక్కుమంటుంది. చీడ తిన్న చోట అక్షరం ఉండదు, కన్నం ఉంటుంది. పైగా తాటాకు రాతలో మాటకూ మాటకూ ఎడం లేదు, పద్యానికీ పద్యానికీ విరుపు లేదు. అర్థం తెలియని లేఖకుడు తప్పు రాస్తాడు. అర్థం తెలిసిన లేఖకుడు ఇంకా ప్రమాదం, తనకు నచ్చినట్టు దిద్దేస్తాడు.

ఇలాంటి కట్టలు నాలుగైదు ముందేసుకుని ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లు తమ ప్రతిలో ఏముందో చెప్పాలి. తేడా వచ్చిన చోటల్లా పాఠాంతరం గుర్తు పెట్టాలి. ఇన్ని పాఠాల్లో ఏది నిలవాలో వాదించుకుని తేల్చాలి. ఆ తర్వాత సాఫు ప్రతి. ఆపైన టీక, పదాల అకారాది పట్టిక, గట్టి బైండింగు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్య రాయించి 1851లో అచ్చు వేయించిన పుస్తకం వెనక ఇలాంటి ఏళ్ల చాకిరీ ఉంది. వఠ్యం అద్వైతబ్రహ్మయ్య లాంటి పండితులు ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. కడప బంగళాలో ఈ పనంతా చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొర బదిలీ మీద పోయినా తోటలో పని ఆగలేదు. రాతప్రతులు ఉత్తరాలతో పాటు వెళ్లేవి, దిద్దుబాట్లతో తిరిగి వచ్చేవి. జీతాలన్నీ బ్రౌన్ తన సొంత సంపాదనలోంచే ఇచ్చాడు. చాలనప్పుడు అప్పు చేశాడు. ఈ ఒక్క విషయంలో ఆయనకు ఎంత పెద్ద దండ వేసినా తక్కువే.

మిగిలిన విషయాల్లో నాకు కొంచెం జంకు ఉంది. తాను వచ్చేనాటికి తెలుగు సాహిత్యం చచ్చి పడి ఉందనీ, ముప్పై ఏళ్లలో తానే దానికి ప్రాణం పోశాననీ బ్రౌన్ రాసుకున్నాడు. మన ఉపన్యాసకులు ఆ మాటను నేటికీ వల్లిస్తారు. చచ్చిందైతే వేమన పద్యం అలగాజనం నోట ఎలా నలిగింది? తాటాకు కట్ట అటక మీద ఉండొచ్చు, దాన్ని దసరాకు దించి పూజించే ఇల్లు ఉంది కదా. బ్రౌన్ చేసింది ప్రాణం పోయడం కాదు. చెదిరి ఉన్నదాన్ని ఒకచోట చేర్చి, సరిచూసి, అచ్చుకు ఎక్కించాడు. అది తక్కువ పనా? ఆ పని పండితుల కళ్లూ లేఖకుల వేళ్లూ చేశాయి. డబ్బు, ప్రణాళిక, మొండితనం దొరవి. పుస్తకం మీద పేరు కూడా దొరదే. కంపెనీ రాజ్యంలో అది అలాగే ఉంటుంది.

బ్రౌన్ 1854 ప్రాంతంలో కొలువు వదిలి లండన్ వెళ్లిపోయాడు. అక్కడ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడుగా ఉండి, 1884 డిసెంబర్ 12న కన్ను మూశాడు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. రాతప్రతులు అంతకు ముందే మద్రాసు చేరాయి. కడప తోట మాత్రం చేతులు మారి, బంగళా కూలి, మొండిగోడలు మిగిలాయి.

ఆ మొండిగోడల దగ్గరికి మనుషులు మళ్లీ రావడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. బంగోరెగా పేరుపడ్డ బండి గోపాలరెడ్డి బ్రౌన్ ఉత్తరాలను వెలికితీసి అచ్చు వేస్తున్న రోజులవి. ఆయనా ఆరుద్రా బ్రౌన్ ఉన్న చోటు చూడాలని కడప వచ్చారు. వాళ్లకు తోడు నడిచినవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రి. పుట్టింది రాయదుర్గం, చెప్పింది ఇంగ్లీషు పాఠాలు, స్థిరపడింది కడప. జిల్లా రచయితల సంఘం కార్యదర్శి. చెత్తా ముళ్లకంపా పెరిగిన ఆ జాగా చూశాక ఆయనకు వేరే ధ్యాస లేకుండా పోయింది. ఒక శిలాఫలకం పాతి, ఏటా జయంతినాడు పూలు చల్లి వచ్చే పనైతే నెలలో ముగిసేది. ఆయన గ్రంథాలయం కడదామన్నాడు.

స్థలం దానంగా దొరికింది. డబ్బు దొరకలేదు. శాస్త్రిగారు జోలె పట్టారు. అధికారుల గదుల ముందు నిలబడ్డారు, వ్యాపారుల్ని అడిగారు, బడిపిల్లల దగ్గర చిల్లర కూడా కాదనలేదు. చందా ఇచ్చేవాళ్లకంటే “ఆ తెల్లదొరకు మనమెందుకు కట్టాల?” అని అడిగేవాళ్లు ఎక్కువ ఉండి ఉంటారు. ఆ అడగడంలో తప్పూ లేదు. 1980ల చివర పునాది పడింది, 1990ల నడుమ భవనం లేచింది. ఇళ్లలో ముత్తాతల నాటి పుస్తకాలున్నవాళ్లు తెచ్చి ఇచ్చారు. తాటాకు కట్టలు, పాత పత్రికలు చేరాయి. జనం ఆయన్ను “బ్రౌన్ శాస్త్రి” అనడం మొదలుపెట్టారు. అందులో కొంత ఎకసెక్కెం, చాలా అభిమానం. 2014 ఫిబ్రవరిలో ఆయన పోయేనాటికి ఆ పేరే స్థిరపడింది. గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. వేమనను వెతికిన దొర చివరికి వేమన పేరున్న నీడకే చేరాడన్నమాట.

గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి, నీళ్లు పారిన కృతజ్ఞత అది. మన వైపు పుస్తకాలు మిగిల్చిన దొరకు పుస్తకాల ఇల్లే కట్టుకున్నాం. నాకు ఇదే సబబుగా తోస్తుంది. మన మూడు ఊళ్ల రచయితల జ్ఞాపకం కూడా రాళ్లలో కంటే పని జరిగిన చోట్లలోనే ఎక్కువ ఉంది. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడికి పోతే పూజారులే చెబుతారు, పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవం అల్లింది ఈ ప్రదక్షిణలోనేనని. జమ్మలమడుగులో 1888లో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని రాణాప్రతాపసింహుడి మీద కావ్యం రాశాడు. ఆయన జంట గడియారం వేంకట శేషశాస్త్రి శివాజీ మీద శివభారతం రాశాడు. పెన్న ఒడ్డున కూర్చున్న ఇద్దరి చూపూ మేవాడు, మహారాష్ట్రల మీదికి పోయింది. స్వాతంత్ర్యోద్యమ కాలపు గాలి అది. పులివెందుల వైపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక తెచ్చాడు. పొగడ్తకు బదులు తర్కం పెట్టి విమర్శ రాసినవాడు రారా. ఆయనకు దండలు వేసి ఊరుకుంటే ఆయనే ఒప్పుకోడు.

ఇక పాఠకుడి ప్రశ్నకు వస్తాను. గండికోట కబుర్లు ఎక్కడివి?

కర్నల్ కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి 1800 తర్వాత దత్త మండలాలు కొలిపించాడు. కొలతతో పాటు ఊరి చరిత్ర కూడా రాయించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల లాంటివాళ్ల ఆధ్వర్యంలో మనుషులు ఊరూరా తిరిగి, కరణాన్నీ పెద్దరెడ్డినీ కూర్చోబెట్టి అడిగారు. కరణం తన దండకవిలె, అంటే ఊరి లెక్కల కట్ట, విప్పాడు. ఈ ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ పాళెగాడు ఎంత దోచాడు, కడప నవాబుల నాటి సిస్తు ఎంత, హైదరు దండు వచ్చినప్పుడు ఏమైంది, ఇలా సాగుతుంది. ఇవే కైఫియత్తులు. 1821లో మెకంజీ కలకత్తాలో చనిపోయాక కంపెనీ ఆ కాగితాలు కొని, కొన్ని లండన్‌కు, దక్షిణ భాషలవి మద్రాసుకు పంపింది. మద్రాసులో అవి అటక మీద పడ్డాయి. సిరా వెలిసింది, కాగితం చివికింది. బ్రౌన్ కంట పడి, ఆయన పురమాయించి తెలుగు కైఫియత్తులను కొత్త కాగితాల మీద తిరగ రాయించాడు. ఈ పని మద్రాసులో జరిగింది, కడప తోటలో కాదు. పద్ధతి మాత్రం తోటదే.

ఆ రాతప్రతులు కట్టా నరసింహులు సంపాదకత్వంలో ‘కైఫియత్ కడప’ సంపుటాలుగా ఈ కేంద్రం నుంచే అచ్చయ్యాయి. కరణం నోట వెళ్లిన ఊరి కబురు మెకంజీ గుమాస్తా చేతికి, అక్కణ్నుంచి మద్రాసు అటకకు, బ్రౌన్ లేఖకుడి కలానికి, తిరిగి ఎర్రముక్కపల్లె బీరువాలోకి చేరింది. ఈ తోటలో ఏం చూడాలని ఎవరైనా అడిగితే నేను ఆ బీరువా చూపిస్తాను.

నేను పోయిన రోజున సింహాద్రిపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అక్కడ ఉన్నాడు. తలకు తువ్వాలు, జేబులో కళ్లజోడు. “మా వూరి సెరువు ఎవురు తవ్విచ్చిండ్రో దీంట్లో రాసినారంట గదా నాయనా, రోంత సూసి సెప్పు” అన్నాడు ఎదురుగా చదువుకుంటున్న పరిశోధక విద్యార్థితో. ఆ అబ్బాయి ఊరి పేరు వెతికి పుట తీసి పెట్టాడు. పెద్దాయన వేలు కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ నిదానంగా చదివాడు. చెరువు సంగతి వచ్చిన చోట ఆగలేదు. కరణం పేరు దగ్గర ఆగాడు. “ఈ ఇంటిపేరోళ్లు ఇప్పుడు మా వూళ్లో ల్యారు” అన్నాడు. తర్వాత ఆ పుట జెరాక్స్ ఎంతవుతుందో అడిగాడు.

కైఫియత్తులంటే వేదవాక్కు అనుకోకూడదు. దీనికి గండికోటే మంచి ఉదాహరణ. శాలివాహన శకం 1044, శుభకృతు నామ సంవత్సరం మాఘ శుద్ధ దశమి నాడు, అంటే క్రీ.శ. 1123 జనవరిలో, కాకరాజు మట్టికోట కట్టించాడని గండికోట కైఫియత్తు చెబుతుంది. ఆయన కల్యాణి చాళుక్య ప్రభువు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడంటారు. చిక్కు ఇక్కడే ఉంది. ఆహవమల్లుడు 1068లోనే పోయాడు. 1123 నాటికి కల్యాణిలో ఏలుతున్నది ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. అయితే తేదీ తప్పనాలా, రాజు పేరు తప్పనాలా?

నేను లెక్క వేసి చూశాను. శక సంవత్సరం 1044కు శుభకృతు సరిగ్గా సరిపోతుంది. అంకె, పేరు రెండూ ఒకదానికొకటి పొసగుతున్నాయి. ఎవరో నోటికొచ్చినట్టు చెప్పిన తేదీ అయితే ఇంత కుదురుగా ఉండదు. ఏదో శాసనాన్నో పాత కవిలెనో చూసి దించిన తేదీ అయ్యుండాలి, లేదా పంచాంగం చేతిలో పెట్టుకుని కూర్చినదైనా కావాలి. రాజు పేరు మాత్రం నోటి మీదుగా వచ్చినట్టుంది. పెద్ద యుద్ధాలు చేసిన తండ్రి పేరు జనానికి గుర్తుండి, ఏలిన కొడుకు పేరు మరుగున పడటం మన ఊళ్లలో కొత్తేం కాదు. నా మొగ్గు తేదీ వైపే ఉంది. కానీ కైఫియత్తును కైఫియత్తుతోనే సరిచూస్తే లాభం లేదు, రాతి మీద రాసినదాన్ని చూడాలి. గండికోట చుట్టుపక్కల గుళ్లలో ఉన్న శాసనాలు ఏమంటున్నాయో వచ్చే వారం.

(ఇంకా ఉంది)